ఆడిటోరియం రిపేరని రాయమంటున్నారు, రాయనా?

పేరూ ఊరూ వేయవద్దని కోరిన ఒక అధ్యాపకుడి ఉత్తరం ఇది. ఎనిమిది పేజీలుంది. ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆయన ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అసోసియేట్ ప్రొఫెసర్. మూడు నెలల కిందట విద్యార్థి వ్యవహారాల డీన్ బాధ్యత కూడా అప్పగించారు. "ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి నాకు వచ్చింది" అని ఆయనే రాశారు. ఒక విద్యార్థి సంఘం ఆడిటోరియంలో సభ పెట్టుకుంటామని దరఖాస్తు ఇచ్చింది. వక్త ఒక పార్టీకి చెందిన మాజీ శాసనసభ్యుడు. నోటి దురుసుతనానికి పేరు పడ్డ మనిషి. మర్నాడే ప్రత్యర్థి సంఘం వినతిపత్రం తెచ్చింది. అనుమతి ఇస్తే అడ్డుకుని తీరతామని అందులో ఉంది. రిజిస్ట్రార్ తన గదికి పిలిచి, "ఆడిటోరియంలో కరెంటు రిపేరు జరుగుతోందని రాసి పంపేయండి, మీకూ నాకూ తలనొప్పి ఉండదు" అన్నారు. కాగితం మీద మాత్రం ఏమీ పెట్టలేదు. స్టేషన్ నుంచి ఎస్సై రెండుసార్లు ఫోన్ చేశారు. సభకు ఇంకా 16 రోజులుంది.

పోయినేడాది అదే హాల్లో ఒక రాజకీయ చర్చ జరిగింది. నినాదాలు మొదలయ్యాయి, ఎవరో మైకు లాక్కున్నారు, తోపులాటలో మొదటి సంవత్సరం అమ్మాయి ఒకరు మెట్ల మీద పడి చెయ్యి విరిగింది. ఈయన ఆరోజు వెనక వరుసలో కూర్చుని ఉన్నారు, లేవలేదు. "అప్పుడు నా పని కాదనుకున్నాను. ఇప్పుడు నా పనే అయింది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు."

అసలు ముడి ఉత్తరం చివర్లో ఉంది. ఆ వక్త మాటలంటే ఈయనకు ఒళ్లు మంట, టీవీలో కనిపిస్తే చానల్ మార్చేస్తారట. పైగా అడ్డుకుంటామన్న సంఘం అధ్యక్షుడు ఈయన దగ్గరే పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు. "సార్, మీరే పర్మిషన్ ఇస్తే ఇక మేం ఎవరితో చెప్పుకోవాలి?" అని అడిగాడట. "అనుమతి ఇస్తే నా మనస్సాక్షిని అమ్ముకున్నట్టు ఉంది, ఇవ్వకపోతే నా ఇష్టాన్ని రూలు కింద దాచుకున్నట్టు ఉంది. ఏది పిరికితనం? అసలు ఈ బాధ్యతే వదిలేయనా?" ఇవీ ఆయన ప్రశ్నలు.

మాస్టారూ,

ముందు తేలిగ్గా తేలేది తేల్చేద్దాం. రిపేరని రాయకండి.

నీతి చెప్పడానికి ఈ మాట అనడం లేదు. నేను ఆ పని చేసి చెడ్డవాణ్ని. చాలా ఏళ్ల కిందట హాస్టల్ వార్డెన్‌గా ఉన్నప్పుడు, పైవాళ్లు వద్దన్న ఒక సభను ఆపడానికి "జనరేటర్ పనిచేయడం లేదు" అని నోటీసు పెట్టాను. ఆ సాయంత్రమే అదే హాల్లో ఇంకో విభాగం వాళ్ల వీడ్కోలు సభ దేదీప్యమానంగా జరిగింది. పొద్దున్న లేచి చూస్తే నా గది తలుపు గడియకి ఒక కొవ్వొత్తి, అగ్గిపెట్టె కట్టి ఉన్నాయి. అక్కడితో అయిపోతే నవ్వుకుని ఊరుకునేవాణ్ని. తర్వాత ఏడాదంతా నేను ఏ నోటీసు పెట్టినా, చివరికి నీళ్ల ట్యాంకు కడుగుతున్నామని పెట్టినా, పిల్లలు నమ్మలేదు. డీన్ చేతిలో ఉండే ఆయుధం పిల్లల నమ్మకం ఒక్కటే. దాన్ని ఇంత చిన్న పనికి ఖర్చుపెట్టేస్తే గొడవ జరిగిన రోజున మీ మాట వినేవాళ్లు ఉండరు.

ఇంకో సంగతి. మీది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. సమాచార హక్కు చట్టం, 2005 కింద ఒక విద్యార్థి దరఖాస్తు పెట్టి, ఆ రిపేరుకి వర్క్ ఆర్డర్ ఏ తేదీన ఇచ్చారు, పని ఎవరు చేశారు, బిల్లు ఎంతయింది అని అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఏమిస్తారు? అప్పటికి కాగితం మీద ఉండే సంతకం మీది. రిజిస్ట్రార్ గారిది నోటిమాట, అది గాలికి పోయి ఉంటుంది.

అలాగని ఆయనతో పేచీ పెట్టుకోమని కాదు. ఆఫీసు పద్ధతిలోనే దీనికి మందు ఉంది. నోట్ పెట్టండి. ఫలానా తేదీన దరఖాస్తు వచ్చింది, ఫలానా తేదీన అభ్యంతరం వచ్చింది, మన ముందున్న దారులు ఇవి, ఒక్కోదాని వల్ల వచ్చే ఇబ్బందులు ఇవి, తమ ఆదేశం కోసం సమర్పిస్తున్నాను. అంతే. "తమరు రిపేరని రాయమన్నారు" అని అందులో రాయకండి, అది గిల్లికజ్జా అవుతుంది. నోట్ ఫైలు బల్ల మీదికి వచ్చాక చాలామంది పెద్దవాళ్లు నోటితో చెప్పిన సలహాను చేత్తో రాయరు. ఆయన రాశారే అనుకోండి, అప్పుడు ఆ నిర్ణయం ఆయనది.

ఇక మీ ఇష్టాయిష్టాల గొడవ. ఒక పని చేయండి. ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఈ దరఖాస్తును తిరగేసి రాయండి. అడిగింది మీ స్కాలర్ సంఘం. వచ్చేది మీరు చెవులు రిక్కించి వినే వక్త. అడ్డుకుంటామన్నది అవతలి వాళ్లు. ఆడిటోరియం అదే, 16 రోజుల గడువూ అదే, రిజిస్ట్రార్ మాటా అదే. అప్పుడు మీ జవాబేమిటో రాయండి. దాన్ని, ఇప్పుడు మీ మనసులో ఉన్న జవాబును పక్కపక్కన పెట్టుకుంటే, ఆ రెంటికీ మధ్య ఎంత తేడా ఉందో అంతా మీ ఇష్టాయిష్టాల వాటా. మిగిలింది నిజమైన భద్రతా సమస్య. నా అంచనా ఏమిటంటే, తేడా మీరు భయపడుతున్నంత ఉండదు. ఎందుకంటే మీరు ఎక్కువ పేజీలు ఆ వక్త గురించి రాయలేదు, ఆ అమ్మాయి చెయ్యి గురించి రాశారు.

చట్టం సంగతి కొంచెం చెప్పుకోక తప్పదు. రాజ్యాంగంలోని 19(1)(ఎ) మాట్లాడే హక్కు ఇస్తుంది, 19(1)(బి) ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు ఇస్తుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఈ విషయంలో ప్రభుత్వం కిందే లెక్క, కాబట్టి ఇవి మిమ్మల్ని నేరుగా కట్టేస్తాయి. పరిమితులూ ఉన్నాయి. మాటకు పరిమితులు 19(2)లో ఉన్నాయి. దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురికొల్పడం. ఈ జాబితాను రెండుసార్లు చదవండి. "వివాదాస్పదుడు" అనే మాట ఎక్కడా కనబడదు. "డీన్‌కు నచ్చనివాడు" అన్నదీ కనబడదు.

2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు మాటల్ని మూడు రకాలుగా విడదీసింది. ఒక విషయాన్ని చర్చించడం, దాన్ని సమర్థిస్తూ వాదించడం, దాని కోసం నేరానికి ఉసిగొల్పడం. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా వాటి జోలికి పోకూడదు, మూడోదాని దగ్గరే ఆంక్ష మొదలవుతుంది. మీ వక్త గత ప్రసంగాలు చూడండి. "ఫలానా వాళ్లను తరిమికొట్టండి" తరహా పిలుపులు ఇచ్చి, ఆ వెంటనే దాడులు జరిగిన చరిత్ర ఉంటే అది రాయదగిన కారణం. కేవలం వెటకారం, అతిశయోక్తి, మీకు చిర్రెత్తించే అభిప్రాయాలు మాత్రమే ఉంటే కాదు. ఆయన మీద కేసు ఉందని ఎవరైనా చెబితే ఏ సెక్షన్, ఏ దశలో ఉందో అడగండి. ఎఫ్ఐఆర్ అంటే శిక్ష కాదు.

మరి అడ్డుకుంటామన్న వాళ్ల మాటేమిటి? ఇక్కడే చాలామంది డీన్‌లు బోల్తా పడతారు. "గొడవ జరుగుతుందని సమాచారం ఉంది కాబట్టి అనుమతి నిరాకరించడమైనది" అని రాసేస్తారు. ఆ గొడవ చేస్తామన్నది సభ పెట్టేవాళ్లు కాదు కదా. 1989లో రంగరాజన్ కేసులో, అది ఒక తమిళ సినిమా గురించి వచ్చిన కేసు, సుప్రీంకోర్టు ఈ సంగతి తెగేసి చెప్పింది. ఊరేగింపులు తీస్తాం, హింస జరుగుతుంది అన్న బెదిరింపులకు లొంగి భావప్రకటనను అణచివేయడం అంటే బెదిరించిన వాళ్లకు లొంగిపోవడమే, మాట్లాడేవాళ్లకు రక్షణ ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని. ప్రమాదం ఉందనాలంటే అది ఎక్కడో దూరంగా ఊహలో ఉండకూడదు, మందుగుండు పీపా పక్కన నిప్పురవ్వలా ఉండాలి అన్న పోలిక కూడా ఆ తీర్పులోదే. మీ ఫైలులో ఉన్నది ఒక వినతిపత్రం. దాని ఒక్కదాని మీద సభ ఆపితే, రేపటి నుంచి క్యాంపస్‌లో ఏ సభ జరగాలో నిర్ణయించేది మీరు కాదు, ముందుగా బెదిరించిన వాళ్లు. వచ్చే నెల మీ స్కాలర్ సంఘం సభ పెట్టుకుంటామంటే, ఇవాళ్టి మీ ఉత్తర్వు జిరాక్స్ కాపీ పట్టుకుని అవతలి సంఘం మీ గదిలో కూర్చుంటుంది.

సరే, ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

కారణాలు రాసి నిరాకరించవచ్చు. ఆఫీసు భాషలో స్పీకింగ్ ఆర్డర్. పరీక్షలు మొదలవుతున్నాయి, ఆ తేదీకి హాలు ఇంకొకరికి ముందే ఇచ్చాం, దరఖాస్తు గడువు దాటి వచ్చింది, పోలీసులు నిర్దిష్టమైన సమాచారంతో లిఖితపూర్వకంగా హెచ్చరించారు, ఇలాంటివి నిజమైతే నిస్సంకోచంగా రాయండి. ఇదే కారణంతో ఇదివరకు ఇంకొకరికి కూడా నిరాకరించి ఉండాలి, లేదా ఇకముందు నిరాకరించడానికి సిద్ధంగా ఉండాలి. విద్యార్థులు హైకోర్టుకు వెళ్లి లంచ్ మోషన్ వేస్తే, అంటే అత్యవసరంగా ఆ రోజే వినమని అడిగితే, ఆ మధ్యాహ్నమే మీ స్టాండింగ్ కౌన్సిల్ (విశ్వవిద్యాలయం తరఫు న్యాయవాది) ఫోన్ చేసి, "ఫైల్లో ఏముంది సార్?" అని అడుగుతారు. ఫైల్లో ఉన్నదే మీ బలం. తర్వాత అతికించిన కారణాలు నిలబడవు.

రెండో దారి, అందరికీ ఒకటే రూలు. రాజకీయ పార్టీల నాయకులతో సభలు ఎవరికీ వద్దు అని పాలకమండలి తీర్మానం చేయడం. దీనికి పూర్వాపరాలు మన దగ్గరే ఉన్నాయి. 2022లో రాహుల్ గాంధీ సభకు ఉస్మానియా విశ్వవిద్యాలయం అనుమతి ఇవ్వనప్పుడు, రాజకీయ సభలు వద్దని ముందే చేసుకున్న తీర్మానాన్ని కారణంగా చూపింది. వ్యవహారం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లింది. ఈ దారిలో డీన్‌కు ఊపిరి సలుపుతుంది, నిజమే. కానీ రేపు అధికార పార్టీ మంత్రి గారు "అభివృద్ధి కార్యక్రమాల మీద విద్యార్థులతో ముఖాముఖి" అని వస్తే? అది రాజకీయం కాదంటారా? ఆ రోజున ఆ రూలు ఎలా వంగుతుందో క్యాంపస్ మొత్తం చూస్తుంది. ఇంకో లోపం ఏమిటంటే, ఓటు హక్కు ఉన్న పిల్లలకు రాజకీయం వినే చోటు లేకుండా పోతుంది. నాకైతే ఈ దారి ఇష్టం లేదు. ఒకవేళ పెద్దలు దీనికే మొగ్గితే, ఇప్పటికే వచ్చిన దరఖాస్తుకు వర్తింపజేయవద్దని మాత్రం నోట్‌లో రాయండి. ఆట మధ్యలో రూలు మారిస్తే అది ఎవరి కోసం మార్చారో చిన్నపిల్లలకీ తెలుస్తుంది.

మూడోది వినడానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. "ఇద్దరినీ పిలిచి చర్చ పెడదాం." మీరు కూడా ఐదో పేజీలో ఇది రాశారు. ఇరుపక్షాలూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే అంతకంటే మంచిది లేదు. ఒప్పుకోకపోతే బలవంతం చేయకండి. సభ పెట్టుకుంటామని అడిగినవాళ్లు చర్చ అడగలేదు. ప్రత్యర్థిని వేదిక మీద కూర్చోబెడితేనే మాట్లాడనిస్తాం అనడం, ప్రత్యర్థి రానని చెబితే సభే లేకుండా పోవడానికి దారి. దానికి బదులు, వారం పది రోజుల్లో అదే హాలు అవే షరతులతో రెండో సంఘానికీ ఇస్తామని ఇప్పుడే రాసివ్వండి. మీ స్కాలర్‌కు మీరు చూపించగలిగే కాగితం అదే.

నాలుగోది, షరతులతో అనుమతి. నేను మొగ్గేది దీనికే. అయితే దీని బరువు మీకు తెలిసి ఉండాలి. ఇందులో ఎవరూ మిమ్మల్ని మెచ్చుకోరు. సభ సజావుగా జరిగితే ఎవరూ మాట్లాడరు, జరగకపోతే అనుమతిచ్చిన డీన్ అంటారు. పదహారు రోజులూ పని ఉంటుంది. ఆ పని ఏమిటో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ నిద్ర పోగొడుతున్నది ఇదే.

ప్రసంగం కంటే తలుపు గురించి ఎక్కువ ఆలోచించండి. 2023 నవంబరు 25న కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో టెక్ ఫెస్ట్ జరుగుతుండగా తొక్కిసలాటలో నలుగురు చనిపోయారు. అక్కడ రాజకీయం లేదు, నినాదాల్లేవు, జరగబోయేది పాటల కచేరీ. వాన పడింది, బయట ఉన్నవాళ్లు ఒక్కసారిగా గేటులోంచి లోపలికి తోసుకొచ్చారు, లోపల దిగుడు మెట్లున్నాయి. అంతే. జనం ఒకే చోట చదరపు మీటరుకు నలుగురైదుగురిని దాటితే మనిషి తన కాళ్ల మీద తాను అదుపు కోల్పోవడం మొదలవుతుంది, ఎవరూ తోయకపోయినా సరే. మీ దగ్గర పడిన అమ్మాయి కూడా మెట్ల మీదే పడింది కదా.

కాబట్టి ఆడిటోరియంలో ఎన్ని కుర్చీలుంటే అంతమందికే ప్రవేశం. నిలబడి వినేవాళ్లు వద్దు, మెట్ల మీద కూర్చునేవాళ్లు అసలే వద్దు. పాస్‌లు ఇస్తారా, ఐడీ కార్డు చూసి వచ్చిన వరుసలో పంపుతారా మీ ఇష్టం, కానీ పాస్‌లన్నీ నిర్వాహకుల చేతికి ఇవ్వకండి. ఇస్తే సభంతా వాళ్ల మనుషులే నిండుతారు, అవతలి వాళ్లకు బయట నిలబడి అరవడం తప్ప మార్గం ఉండదు. సగం సీట్లు విశ్వవిద్యాలయం తరఫున ఏ విద్యార్థికైనా అందేలా ఉంచండి. సభ జరిగినంతసేపూ బయటికి పోయే తలుపులకు తాళం ఉండకూడదు, గడియ కూడా ఉండకూడదు. ఒక్కో తలుపు దగ్గర ఒక గార్డు, చేతిలో లాఠీ కాదు, టార్చి. లోపలికి వచ్చే దారి వేరు, వక్త వచ్చి వెళ్లే దారి వేరు. జెండాలు తెచ్చుకోవచ్చు, జెండా కర్రలు వద్దు. ఈ ఒక్క షరతు రెండు సంఘాలకూ పెట్టండి, సగం గాయాలు తప్పుతాయి.

బయటివాళ్ల బెడద వేరు. మన క్యాంపస్ గొడవల్లో చెయ్యి చేసుకునేది చాలాసార్లు విద్యార్థులు కాదు, సంఘం పేరు చెప్పుకుని బైకుల మీద దిగేవాళ్లు. ఆ రోజు ఐడీ కార్డు లేనివాళ్లకు ప్రవేశం లేదని రెండు రోజుల ముందే గేటు దగ్గర నోటీసు పెట్టండి. వక్త వెంట ఎంతమంది అనుచరులు లోపలికి వస్తారో సంఖ్య ముందే రాయించుకోండి. "ఐదుగురు" అంటే ఐదుగురే.

మైకు విషయంలో, సభను బహిరంగ మైదానానికి మార్చమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం లౌడ్ స్పీకర్‌కి లిఖితపూర్వక అనుమతి కావాలి. విద్యాసంస్థల చుట్టూ కనీసం 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా పరిగణించే ఏర్పాటు అందులో ఉంది, మీ క్యాంపస్ అలా నోటిఫై అయిందేమో చూసుకోండి. నాలుగు గోడల మధ్య ఆడిటోరియం ఉండగా లేనిపోని చిక్కు ఎందుకు?

నిరసన చేస్తామన్నవాళ్లను శత్రువుల్లా చూడకండి. వాళ్లదీ అదే 19వ అధికరణం. వాళ్లకు చోటు చూపించండి, అది క్యాంపస్ వెనక గోడ పక్కన కాదు. వక్త దిగేటప్పుడు కనబడేంత దగ్గర, తలుపుకు అడ్డం రానంత దూరం. ప్లకార్డులు, నల్ల రిబ్బన్లు, నినాదాలు అక్కడ వాళ్ల ఇష్టం. లోపలికి రావాలనుకుంటే రావచ్చు, నల్ల రిబ్బన్ కట్టుకునే కూర్చోవచ్చు, ప్రశ్నలు అడగవచ్చు. ప్రసంగం ఎంతసేపో, ప్రశ్నలకు కనీసం అందులో సగం సమయం ఉండాలని షరతు పెట్టండి. ప్రశ్నలు చీటీల మీద వద్దు. చీటీలు వేదిక మీద ఎవరి చేతికో వెళ్లి, నచ్చినవే పైకి వస్తాయి. హాల్లో రెండు మైకులు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి పిలవండి. సభకు అధ్యక్షత విశ్వవిద్యాలయం తరఫున ఒక సీనియర్ ప్రొఫెసర్‌కు ఇవ్వండి. ఎవరిదో పార్టీ అభిమాని అని పేరు పడనివారైతే బాగుంటుంది. అలాంటివారు దొరకడం కష్టమని నాకు తెలుసు, అయినా వెతకండి.

ఇక ఎప్పుడు ఆపాలి అన్నది. ఇది ముందే రాసి, రెండు సంఘాల చేతా చదివించి సంతకం తీసుకోండి. ఒకరు లేచి ఒక నినాదం ఇచ్చి కూర్చుంటే అది సభలో భాగమే, చూసీ చూడనట్టు పోనివ్వండి. పదిమంది లేచి ఆగకుండా అరుస్తూ ప్రసంగం వినబడకుండా చేస్తే, అధ్యక్షులు ఒకసారి హెచ్చరించి ఐదు నిమిషాలు విరామం ఇస్తారు. మళ్లీ చేస్తే వాళ్లను బయటికి వెళ్లమంటారు, సభను ఆపరు. అరిచినవాళ్ల వల్ల సభ ఆగిపోతే, అరుపు గెలిచినట్టు. వక్త హింసకు పిలుపునిస్తే మైకు ఆపేస్తారు, ఆ అధికారం అధ్యక్షుడిదే, పక్కన కూర్చున్న ఎవరిదీ కాదు. విశ్వవిద్యాలయం తరఫున మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయించండి. తర్వాత ఎవరేం అన్నారో తేల్చడానికి ఫోన్లలో తిరిగే ముప్పై సెకన్ల ముక్కలు పనికిరావు.

హామీ పత్రం తీసుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. నిర్వాహకులు తమ మనుషుల ప్రవర్తనకు హామీ ఇవ్వాలి. ప్రత్యర్థులు చేసే గొడవకు కూడా వాళ్లే బాధ్యులు అని రాయించుకోవడం కొన్నిచోట్ల చూశాను. అది షరతు పేరుతో నిరాకరించడమే.

పోలీసుల దగ్గరికి వస్తే, ఎస్సై గారికి "చూస్తున్నాం సార్" అని ఫోన్‌లో తప్పించుకోకండి. తేదీ, సమయం, రాగలవారి సంఖ్య, నిరసన జరిగే చోటు రాసి ఉత్తరం పంపి, బందోబస్తు గేటు బయట కావాలని అడగండి. లోపలికి ఎవరు పిలిస్తే రావాలో ఒక్క పేరు, ఒక్క ఫోన్ నంబరు ఇవ్వండి. కళ్లముందు నేరం జరుగుతుంటే వాళ్లు మీ అనుమతి కోసం ఆగక్కర్లేదు, అది వేరే సంగతి. కొన్నిసార్లు స్టేషన్ వాళ్లే "163 పెట్టేస్తాం సార్, మీకు గొడవ ఉండదు" అంటారు. జనం గుమిగూడకుండా నిషేధించే పాత 144 సెక్షనే ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163. న్యాయసమ్మతమైన అభిప్రాయ ప్రకటనను అణచడానికి ఆ అధికారాన్ని వాడకూడదని 2020లో అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఉత్తర్వు ఇవ్వాలా వద్దా అన్నది మేజిస్ట్రేటు నిర్ణయం, మీ కోరిక మేరకు పెట్టినట్టు మాత్రం కానివ్వకండి.

ఇప్పుడు మీ స్కాలర్. ఇది మీరు అనుకుంటున్న దానికంటే సున్నితమైన వ్యవహారం. ఆ అబ్బాయి థీసిస్ మీ సంతకం మీద ఆధారపడి ఉంది. మీరు వాడి మాట విన్నా, వినకపోయినా జనం దానికే ముడిపెడతారు. అందుకని ఈ సంబంధం ఉందని నోట్‌లో ఒక వాక్యం రాసేయండి. వీలైతే నిర్ణయం మీరొక్కరే తీసుకోకుండా ముగ్గురితో కమిటీ అడగండి, మీరు అందులో వివరాలు సమర్పించేవారుగా ఉండండి. మీకే ఊరట. అబ్బాయితో మాట్లాడాల్సింది ల్యాబులోనో, మీ ఇంట్లోనో కాదు, డీన్ గదిలో, వాడి సంఘంలో ఇంకొకరు పక్కన ఉండగా. "ఆయన మాటలు నాకూ నచ్చవు" అని మీరు చెప్పవచ్చా అంటే, చెప్పవద్దనే అంటాను. అది నిజమే, కానీ ఆ గదిలో చెబితే వాడు దాన్ని వాగ్దానంగా తీసుకుంటాడు. మీరు ఒక పౌరుడిగా, ఆ పదవిలో లేని రోజున, మీ పేరుతో ఎంత ఘాటుగానైనా రాసుకోవచ్చు. 1967లో షికాగో విశ్వవిద్యాలయంలో హారీ కాల్వెన్ కమిటీ చెప్పిన సంగతి ఇదే. విశ్వవిద్యాలయం విమర్శకులకు ఇల్లు, అది తానే విమర్శకుడు కాదు. ఆ కుర్చీలో ఉన్నంతవరకు మీరు ఆ ఇంటి కాపలాదారు.

వాడు అలుగుతాడు. అలగనివ్వండి. తన సభ రోజున ఇవే తలుపులు తన కోసం తెరిచి ఉండడం చూశాక వాడే ఏదో ఒకటి అనుకుంటాడు. అనుకోకపోయినా థీసిస్ మాత్రం సకాలంలో దిద్దిపెట్టండి.

బాధ్యత వదిలేయాలా అని అడిగారు. వదిలేయడం తప్పేమీ కాదు, ఆరోగ్యం దెబ్బతింటుంటే రేపే వదిలేయండి. కానీ ఈ 16 రోజుల్లో వదిలేస్తే, తర్వాత వచ్చేవారు చేసే మొదటి పని రిపేరు నోటీసు మీద సంతకం పెట్టడమే కావచ్చు. ఈ సభ అయ్యాక, ప్రశాంతంగా, ఒక లిఖిత విధానం తయారుచేసి అప్పజెప్పి వెళ్లండి. ఎవరు అడగవచ్చు, ఎన్నిరోజుల ముందు, ఏ షరతులు, నిరాకరిస్తే ఎవరికి అప్పీలు. రెండు పేజీలు చాలు.

పోయినేడాది మీరు లేవలేదన్నది మిగిలింది. వెనక వరుస నుంచి ఒక్కరు లేచినంత మాత్రాన ఆ తోపులాట ఆగేదని నేననుకోను. అయితే మీ ఎనిమిది పేజీల్లో ఒక్క సంగతి లేదు. ఆ అమ్మాయితో మీరు ఎప్పుడైనా మాట్లాడారా? ఇప్పుడు రెండో సంవత్సరంలో ఉండి ఉంటుంది. చెయ్యి ఎలా ఉందో అడగండి, క్షమాపణ చెప్పాలనిపిస్తే చెప్పండి. తర్వాత, ఇంజనీరునీ సెక్యూరిటీ ఆఫీసర్నీ వెంటబెట్టుకుని హాలు చూడ్డానికి వెళ్లే రోజున, ఆమెకు ఇష్టమైతే తననీ రమ్మనండి. రానంటే బలవంతం చేయకండి. వస్తే మాత్రం, జనం ఏ తలుపు వైపు నుంచి వచ్చారో, తను ఏ మెట్టు దగ్గర పడిందో మీ ముగ్గురిలో ఎవరికీ తెలియనిది ఆమె చూపిస్తుంది.